నోటి వంతు

ఇటు జరగండర్రా, ఇంకాస్త దగ్గరికి. గోడకి ఆనుకున్న పిల్లా, నువ్వు కూడా. నా గొంతు ఒకప్పుడు రేకుల షెడ్డు ఈ చివర్నించి ఆ చివరికి పోయేది, ఇప్పుడు చాప దాటి పోవడం లేదు. దాహమైనవాళ్ళు ఇప్పుడే తాగేసి రండి. మధ్యలో లేస్తే మాత్రం నేను ఊరుకోను.

నా పేరు తామాడ ఊర్వశి. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మా వైపు, అంటే పలాసకీ సముద్రానికీ మధ్య, ఊర్వశులూ దమయంతులూ వీధికి నలుగురుంటారు. మా మామగారి పేరు దుర్యోధన, ఆయన మనవడైన మా అబ్బాయికీ అదే పేరు. ఇద్దరూ చీమకి కూడా హాని చెయ్యని మనుషులు.

నేను మూడో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత చదివిందంతా జీడిపప్పే. లోకనాథం గారి ఫ్యాక్టరీలో ఏరే బల్ల దగ్గర నలభై ఏళ్ళు కూర్చున్నాను. పిక్కలు ఉడకబెట్టడం, కొట్టడం, పొట్టు తియ్యడం అన్నీ ఒక్కొక్కటిగా మెషీన్లకి పోయాయి. చివరి ఏరివేత మాత్రం మా చేతుల్లో మిగిలింది. విరగని గుండు ఒక పక్క, సగంగా విడిన బద్ద ఒక పక్క, ముక్క ఒక పక్క. గుండులో మళ్ళీ తెల్లది, మచ్చది, ముడత పడ్డది. బల్లకి ఎనిమిది మంది ఆడవాళ్ళం.

ఈ పనిలో ఒక చిక్కుంది. తెల్లటి పప్పుని గంటసేపు చూస్తే కళ్ళు నిద్రపోతాయి. మనిషి మేలుకునే ఉంటుంది, కళ్ళు మాత్రం నిద్రపోతాయి. అప్పుడు బద్ద వచ్చి గుండుల మధ్య దర్జాగా కూర్చున్నా కనబడదు. అందుకని మా అత్త కాలం నుంచీ మా బల్ల దగ్గర ఒక కట్టుబాటుంది. దాని పేరు నోటి వంతు. ఎనిమిది మందిలో ఒకరు చెయ్యి ఆపి కథ చెప్పాలి. మిగతా ఏడుగురూ ఏరుతూ వినాలి, తలో గుప్పెడూ ఆమె పళ్ళెంలో వెయ్యాలి. కథ నడుస్తుంటే కళ్ళు నిద్రపోవు. అదెందుకో నాకు తెలీదు, కానీ పోవు.

వంతు అన్నారు గానీ చివరికి అది నాకే అతుక్కుపోయింది. మిగతావాళ్ళ కథలు నిలిచేవి కావు. మా తవిటమ్మ కథ వినాలి మీరు. "ఒక రాజు ఉన్నాడు. సచ్చిపోయాడు." అంతే. "ఎలా సచ్చిపోయాడే?" అంటే, "నాకేటి తెలుసు, నేను అక్కడున్నానా?" అనేది.

ఈ సంగతి లోకనాథం గారికి తెలీదు. ఆయన చెప్పుల చప్పుడు వినబడగానే నేను రెండు చేతులూ పళ్ళెంలో పెట్టి తల వంచేసేదాన్ని. ఆయన చూసేది వంచిన తలలనే.

లారీలు ఎండతో నడవడం మొదలైన పదేళ్ళకి మా ఊరికి ఒక అమ్మాయి వచ్చింది. డాక్టర్ రెహానా. మందులిచ్చే డాక్టరు కాదు, చదువుల డాక్టరు. కడప వైపు పిల్ల. నన్ను అవ్వా అని పిలిచేది, వాళ్ళ వైపు నాయనమ్మని అలాగే అంటారట. ఊరి బయట తుపాను షెల్టరు ఖాళీగా ఉంటే అందులో తన మెషీన్లు దించుకుంది. గోడంత అద్దం ఒకటి, చేతి పట్టీలు ఒక బుట్టెడు. మంగలి సింహాచలానికి ఒక పట్టీ, సూదులు వేసే నర్సమ్మకి ఒకటి, బస్సు కండక్టరుకి ఒకటి, గొర్రెలు కాసే కూర్మయ్యకి ఒకటి. పనిలో ఉన్నంతసేపూ కట్టుకోవాలి. కట్టుకుంటే చర్మం మీద చీమ నడుస్తున్నట్టుంటుంది.

నాకేం అర్థం కాక ఒకరోజు షెల్టరుకి పోయి అడిగాను. ఆ పిల్ల మాటలు చెప్పకుండా నన్ను అద్దం ముందు నిలబెట్టింది. అద్దం మీద రెండు గీతలు పక్కపక్కన పాకుతున్నాయి. రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి.

"ఇవి ఎవరివో చెప్పు అవ్వా."

"ఒక మనిషివే, రెండు రోజులవి."

"కాదు. ఒకటి సింహాచలంది, గడ్డం గీస్తున్నప్పుడు. ఇంకోటి నర్సమ్మది, చంటిబిడ్డకి సూది వేస్తున్నప్పుడు. చెయ్యి ఎక్కడ ఆగుతుంది, ఊపిరి ఎక్కడ బిగుస్తుంది, గుండె ఎప్పుడు నెమ్మదిస్తుంది, అన్నీ ఈ గీతలో ఉంటాయి. పని పేరు ఏదైనా కానీ, నడక ఒకటే."

అలాగే కండక్టరూ కూర్మయ్యా ఒకచోట పడ్డారు. పెళ్ళి వంటల మేస్త్రీ, హెడ్మాస్టారు, ట్రాఫిక్ పోలీసు ముగ్గురూ ఒకచోట. మూడొందల పన్నెండు పనుల్ని ఆ పిల్ల ఇలా నడకని బట్టి పదమూడు గుత్తులు కట్టి పటం గీసింది. జీడిమామిడి తోటల్లో పెరిగినవాళ్ళం కదా, గుత్తి అనగానే మాకు వెంటనే బోధపడింది. పదో తరగతి పిల్లలకి పదిహేను రోజులు పట్టీ కడితే వాళ్ళ నడక ఏ పనికి దగ్గరగా ఉందో తెలుస్తుందట. ఏ పనికి దగ్గరైతే ఆ గుత్తి చదువు. నాన్న ఏం చేస్తాడు, ఎన్ని మార్కులొచ్చాయి, ఎవరు చెబితే సీటొస్తుంది అన్న గొడవ లేదు.

మంచి ఆలోచన. ఇప్పటికీ నేను అదే మాట అంటాను.

జీడిపప్పు ఏరే పనికి పట్టీ కట్టడానికి అందరికంటే పెద్దదాన్నని నన్ను ఎంచారు. "పనిలో ఉన్నంతసేపూ కట్టుకో అవ్వా" అంది. కట్టుకున్నాను. పదిహేను రోజులూ, ఒక్క గంట తప్పకుండా. ఆ పదిహేను రోజుల్లో నేను ఏడు సముద్రాల అవతల ఉప్పు రాణి కథ మొదలుపెట్టి ముగించాను. ఒక్క పప్పు కూడా ఏరలేదు. మోసం చేద్దామని కాదు తల్లీ. నోటి వంతులో ఉండడం కూడా మాకు పనే. నేను పనిలో ఉన్నాను, పట్టీ నా చేతికి ఉంది, ఇక తేడా ఏముంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే అసలేమీ అనుకోలేదు.

ఆ గీతే ఏరివేత గుత్తికి మూలమై కూర్చుంది. పప్పు ఏరేవాళ్ళు, చింతపండు గింజ తీసేవాళ్ళు, మందుబిళ్ళలు వేరు చేసేవాళ్ళు, చిన్నచిన్న మరలు సరిచూసేవాళ్ళు, అందరికీ నా చెయ్యే కొలబద్ద. హైస్కూల్లో సభ పెట్టి నాకు శాలువా కప్పారు. ఆ గుత్తి గది తలుపు పక్కన నా ఫొటో వేలాడదీశారు. ఫొటోలో నోరు మూసుకుని ఉన్నాను. నా ఫొటోల్లో అలాంటిది అదొక్కటే.

రెండేళ్ళు గడిచాయి. మా మనవరాలు తరణి పదో తరగతికి వచ్చింది.

తరణికి గాలి పిచ్చి. మేడ మీద సీసాలు వరసగా పెట్టి వానని కొలిచేది. వెదురుకర్రకి చీర అంచులు కట్టి గాలి ఎటు తిరుగుతోందో పుస్తకంలో రాసుకునేది. ఆ చీరలు మా కోడలు కుంతలవి. "నీ వాతావరణం నా చీరల మీదే ఎందుకే?" అని అది రోజూ తగువాడేది. తుపాను వస్తోందని ముందుగా చెప్పే ఆఫీసు ఉంటుంది చూశారూ, అందులో పనిచెయ్యాలని పిల్ల ఆశ. దానికి గాలీ నీరూ గుత్తిలో సీటు రావాలి. ఆ గుత్తి ఒక్కటే దారి.

పట్టీ ఫలితాలు వచ్చిన సాయంత్రం మా అబ్బాయి దుర్యోధన మిఠాయి పొట్లం పట్టుకుని గుమ్మంలోనే అరిచాడు. "అమ్మా, నీ చెయ్యే వచ్చింది దానికి. నూటికి తొంభైఆరు పాళ్ళు. ఏరివేత గుత్తి."

కుంతల చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏటీ, జీడిపప్పా?"

"ఏం, జీడిపప్పుకేం తక్కువ? దాంతోనే నువ్వు తింటున్న అన్నం ఉడికింది."

"తక్కువని నేనన్నానా? మీ అమ్మ ఏరింది చాలదా అంటున్నాను."

తరణి మేడ మీదికి పోయి సీసాలన్నీ బోర్లించేసి వచ్చింది. రాత్రి అన్నం దగ్గర నా వైపు చూడకుండా, "నీ చెయ్యి నాకెందుకు ఇచ్చావు మామ్మా?" అంది. అంతే. ఆ తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాకు జ్వరమైనా ఓర్చుకుంటాను గానీ మాటలు లేని ఇల్లు ఓర్చుకోలేను. ఆ మూడు రోజులూ గోడతో మాట్లాడాను, కుక్కతో మాట్లాడాను.

నాలుగో రోజు, పిల్ల కూర్చోబోయే గది ఎలా ఉంటుందో చూద్దామని హైస్కూలుకి పోయాను. నచ్చజెప్పడానికి రెండు మంచి ముక్కలైనా దొరుకుతాయి కదా అని.

వరండా మొదట్లోనే గోల వినబడింది. సంతలో చేపల వరస దగ్గర ఉంటుందే, అలాంటి గోల. ఏ క్లాసోలే అనుకుంటూ నడిచాను. నడిచేకొద్దీ పెరిగింది. తీరా చూస్తే నా ఫొటో ఉన్న తలుపు వెనకనుంచే వస్తోంది.

లోపల అప్పలస్వామి మాస్టారు మెడకి మఫ్లరు చుట్టుకుని నిలబడ్డారు. ఎండాకాలంలో మఫ్లరేమిటా అని చూస్తే ఆయన గొంతు పోయింది పాపం. పిల్లల ముందు పళ్ళేలున్నాయి, గింజలున్నాయి, మరలున్నాయి. ఒక్క చెయ్యి కూడా కదలడం లేదు. ఒక మూల ఒక పిల్లాడు వాళ్ళ మావయ్య బావిలో పడిన సంగతి చెబుతున్నాడు, పదిమంది నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. ఇంకో మూల ఒకమ్మాయి హెడ్మాస్టారి నడక నడిచి చూపిస్తోంది. కిటికీ దగ్గర ఇద్దరు ఒకే కథని చెరో చివర్నించీ చెప్పుకుంటూ వస్తున్నారు.

"ఏరివేతకి కావలసింది నిశ్శబ్దం అమ్మా" అన్నారు మాస్టారు గుసగుసగా, ఆయనకి మిగిలింది ఆ గుసగుసే. "ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. రాష్ట్రంలో ఉన్న వాగుడుకాయలందర్నీ ఏరి నా గదిలో పోశారేమో అనిపిస్తుంది. రెండు బ్యాచీలూ అంతే. మీ చెయ్యి వచ్చిన పిల్లలమ్మా వీళ్ళు, మీరే ఏదైనా చెప్పండి."

నేను పిల్లల వైపు తిరిగాను. ఆ బావిలో పడ్డ మావయ్య దగ్గర పిల్లాడు కాస్త ఆగాడు. ఎదుటివాళ్ళ మొహాలు చూసి, ఊపిరి బిగబట్టి, ఇంకొక్క క్షణం వాళ్ళని అలాగే ఉంచి, అప్పుడు వదిలాడు. ఆ ఆగడం నాది. నలభై ఏళ్ళు నేను ఆగినచోటే ఆగాడు. వీళ్ళకి వచ్చింది నా చెయ్యి కాదు. నా నోరు.

బల్ల దగ్గరికి పోయి మా వాళ్ళకి చెప్పాను. ఏడుగురూ ఏరడం ఆపేశారు.

"సెప్పేస్తావా అప్పా?" అంది హేమసుందరి. మా వైపు అక్కని అప్ప అంటాం. "సెప్పేస్తే నోటి వంతు సంగతి లోకనాథం గారికి తెలిసిపోద్ది. మన బల్లే ఎత్తేస్తారు."

"ఎత్తేస్తారు" అన్నాను.

"నీ ఫొటో కూడా దించేస్తారు."

"దించేస్తారు."

"శాలువా తిరిగి ఇమ్మంటారేమో."

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. ఆ శాలువాని చించి తవిటమ్మ మనవడికి ఉయ్యాల కట్టాం.

తవిటమ్మ మాత్రం పప్పు మీదనుంచి కళ్ళు ఎత్తకుండా అంది. "ఆ గదిలో ఉన్న గుంటలు ఎంతమంది అప్పా?"

"రెండేళ్ళవీ కలిపి పుస్తకంలో నలభై ఒక్క పేర్లు. ఈ ఏడు కొత్తగా మా తరణి ఒక్కతే, నలభై రెండు."

"మనం ఎనిమిది మంది. ఇంకేటి లెక్క, పో."

తవిటమ్మ జీవితంలో చెప్పిన పెద్ద కథ అదే.

షెల్టరులో రెహానా అద్దం తుడుస్తోంది. గుమ్మం దగ్గరే నిలబడి మొత్తం చెప్పేశాను. ఎక్కడా అలంకారం పెట్టలేదు. విని, ఆ పిల్ల కుర్చీలో కూర్చుంది. కాసేపటికి లేచి నా చేతికి పట్టీ కట్టి, ఒక పళ్ళెంలో పప్పు పోసి, "ఏరు అవ్వా" అంది.

ఏరాను. అద్దం మీద గీత కాలవలో నీళ్ళలా చదునుగా పోయింది. పక్కనే నా పాత గీత పెట్టింది. అది అలల్లా లేచి, ఆగి, నిలబడి, ఒక్కసారిగా విరిగి పడుతోంది. రెండింటికీ చుట్టరికమే లేదు. పైగా ఆ పిల్ల ఇంకో సంగతి కూడా చెప్పింది. ఏరేవాళ్ళలో నా చెయ్యి మధ్యరకమట. నలభై ఏళ్ళు కూర్చుని మధ్యరకం. నిజమే కాబోలు, కూర్చున్నది నలభై ఏళ్ళయినా ఏరింది పదేళ్ళకి మించదు.

"ఇప్పుడు ఆ కథ చెప్పు. ఉప్పు రాణిది."

మొదలుపెట్టాను. రాణి పడవ ఎక్కే చోటికి వచ్చేసరికి రెహానా అద్దం చూడడం మానేసింది. రాణికి దాహమేసి, చుట్టూ అంతా నీళ్ళే ఉండి తాగడానికి చుక్క లేని చోట నేను ఆగాను. ఆ పిల్ల స్టూలు అంచుకి జరిగి, "ఆ తర్వాత?" అంది.

"ముందు నీ అద్దం చూసుకో తల్లీ."

చూసుకుంది. పాత గీతా కొత్త గీతా ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చున్నాయి.

నా చేతికున్న పట్టీ విప్పింది. తర్వాత చెప్పింది. ఇంకో రెండు జిల్లాలు ఈ గుత్తుల పటాన్ని తీసుకుంటామని కాగితం రాశాయట, వచ్చేవారమే సంతకాలు. ఇది బయటపెడితే అవి వెనక్కి పోతాయి. పెట్టకపోతే ఎవరికీ తెలీదు.

"నన్ను కొట్టాలనిపిస్తే కొట్టు" అన్నాను.

"నిన్నెందుకు అవ్వా. పనిలో ఉన్నప్పుడు కట్టుకోమన్నాను, కట్టుకున్నావు. పని అంటే ఏంటని నేను నిన్ను అడగలేదు. మూడొందల పన్నెండు పనులు రాసుకున్నాను, ఎవరినీ ఆ మాట అడగలేదు." అని కళ్ళజోడు తుడుచుకుంది. "రేపే సభ పెట్టిస్తా. ఆ రాణికి నీళ్ళు దొరికాయా?"

"సభ అయ్యాక చెబుతాను."

సభకి చదువుల అధికారి పట్నాయక్ గారు వచ్చారు. మంచాయనే, కానీ కాగితంలో లేనిది లోకంలో లేదనుకునే రకం. రెహానా లేచి తప్పు తనదని చెప్పింది, పటం వెనక్కి తీసుకుంటున్నానంది. నేను లేచి నా ముక్క చెప్పాను. శాలువా సంగతి కూడా చెప్పేశాను. ఉయ్యాల అనగానే హాలంతా నవ్వింది, లోకనాథం గారు తప్ప. ఆయన ముందు వరసలో కూర్చుని మా ఎనిమిది మందినీ ఒక్కొక్కరినే చూస్తున్నారు.

"సరే" అన్నారు పట్నాయక్ గారు. "ఈ పిల్లలది ఏరివేత కాదు. మరి ఈ గీత ఏ పనిది?"

"కథ చెప్పే పనిది సార్."

"ఆ పని జాబితాలో లేదు. ఆ పేరుతో ఉద్యోగం లేదు. లేని పనికి గుత్తి ఎలా తెరుస్తానమ్మా? మళ్ళీ ఇంకోటి నిర్ణయించేదాకా ఎక్కడివాళ్ళక్కడే ఉండాలి."

అప్పుడు వెనక వరసలోంచి మా తరణి లేచింది. ఫలితాలొచ్చిన నాటినుంచీ మూసిన నోరు. "సార్, ఒకటి చెప్పొచ్చా?"

"చెప్పు."

"కిందటి కార్తీకంలో తుపాను వచ్చింది. ఆఫీసు వాళ్ళు సరిగ్గానే లెక్కకట్టారు. గాలి ఎప్పుడొస్తుందో, ఎంత జోరుగా వస్తుందో, అందరి ఫోన్లకీ ముందురోజే కబురు వచ్చింది. ఒడ్డునున్న పేటలో మా నాన్న స్నేహితుడు ఈరయ్య గారుంటారు. ఆయన ఫోనుకీ వచ్చింది. ఆ ఫోనులో అదే గొంతు పొద్దున సబ్బు కొనమంది, మధ్యాహ్నం బిల్లు కట్టమంది, సాయంత్రం పారిపొమ్మంది." పిల్ల ఆగింది. పట్నాయక్ గారు టీ గ్లాసు సగం ఎత్తి అలాగే పట్టుకున్నారు. ఆ గ్లాసు వైపు ఒకసారి చూసి అప్పుడు అంది. "ఆయన ఫోను బోర్లించి పడుకున్నారు సార్."

"ఆ తర్వాత?" అన్నారు పట్నాయక్ గారు.

"మా మామ్మ ఆటో కట్టించుకుని పోయింది. అరుగు మీద కూర్చుని, వాళ్ళ తాతల నాటి గాలివానలో ఆ పేట ఎలా పోయిందో, ఎవరి గుమ్మం ఎక్కడ తేలిందో పేరుపేరునా చెప్పింది. అది ముగియకముందే ఆడవాళ్ళు మూటలు కట్టారు. ఈరయ్య గారు మేకని కూడా ఎత్తుకొచ్చారు. ఆఫీసులో గాలిని కొలిచేవాళ్ళు పన్నెండు మంది ఉన్నారు సార్, నేను కనుక్కున్నాను. నమ్మేలా చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరు. అయితే ఆ పని గాలీ నీరూ గుత్తిలో లేదా సార్?"

ఆ మాటకి నర్సమ్మ లేచింది. సూదికి భయపడే పిల్లాడికి కబుర్లు చెప్పి మరిపించేది ఎవరో ఒకరు కావాలంది. కండక్టరు లేచాడు. అప్పలస్వామి మాస్టారు కూడా లేచారు, కానీ ఆయన ఏమన్నారో ఎవరికీ వినబడలేదు. రెహానా వాళ్ళందర్నీ చూసి నెమ్మదిగా అంది. "ఇది పధ్నాలుగో గుత్తి కాదు సార్. పదమూడింటిలోనూ ఉంది. నేనే చూడలేదు."

పట్నాయక్ గారు చల్లారిన టీ తాగేసి కలం తీశారు. నోటి నడక వచ్చిన పిల్లలు పదమూడులో ఏ గుత్తినైనా సరే తామే ఎంచుకోవచ్చు. అదీ ఆయన రాసింది. పిల్లలు వరసలో నిలబడ్డారు. బావిలో మావయ్య కథ చెప్పినవాడు వైద్యం గుత్తి తీసుకున్నాడు. హెడ్మాస్టారిలా నడిచిన పిల్ల ఎక్కడికి పోయిందనుకున్నారు, పోలీసుల గుత్తికి. తరణి గాలీ నీరూ అని చెప్పి, నా దగ్గరికి వచ్చి, "మామ్మా, నీ చెయ్యి నాకు రానేలేదట" అంది. నేను దాని బుగ్గ గిల్లాను.

ఫారంలో 'పని పేరు' అని ఒక గడి ఉంది. అక్కడ ఏం రాయాలో తెలీక గుమాస్తా కలం ఎత్తి కూర్చున్నాడు. "నువ్వే ఒక పేరు పెట్టు అవ్వా" అంది రెహానా.

వద్దన్నాను. పేరు పెడితే దానికొక గది ఇస్తారు, తలుపు పక్కన ఎవరిదో ఫొటో పెడతారు, మళ్ళీ పిల్లలందర్నీ అందులో కూర్చోబెడతారు.

"గడి ఖాళీగా ఉంటే మెషీను ఒప్పుకోదు అవ్వా."

"ఒప్పించు."

ఒప్పించింది. దానికి ఆ పిల్లకి ఏడాది పట్టింది. జిల్లాలు రెండూ వెనక్కి పోయాయి, వచ్చే నిధులు ఆగాయి. ఆ ఏడాదంతా ఊరూరా తిరిగి మూడొందల పన్నెండు పనుల వాళ్ళనీ మళ్ళీ కూర్చోబెట్టి, మీరు పని అని దేన్నంటారు అని అడిగి రాసుకుంది. ఇప్పుడు ఆ పటం ఇంకా నడుస్తూనే ఉంది, కాస్త నెమ్మదిగా.

లోకనాథం గారి సంగతి చెప్పలేదు కదూ. నోటి వంతు బందు చేశారు. వారం రోజులు మా బల్ల శవం లేచిన ఇల్లులా ఉంది. ఎనిమిదో రోజు ఆయనే వచ్చి పళ్ళెంలో చెయ్యి పెట్టి చూసుకున్నారు. గుండులో బద్దలు, బద్దల్లో ముక్కలు. కాసేపు గొణుక్కుని, ఒక స్టూలు లాక్కుని కూర్చుని, "ఊర్వశమ్మా, ఇక నోరు తెరువు" అన్నారు.

ఇదంతా మంచిగానే అయింది. ఒక్కటి తప్ప.

ఆ రోజు హాల్లో నలభై రెండు పేర్లు పిలిచారు. నలభై ఒక్కరు పలికారు. గున్నమ్మ అన్న పేరు మూడుసార్లు పిలిచినా ఎవరూ రాలేదు. మొదటి బ్యాచి పిల్ల. ఏరివేత చేతకావడం లేదని, తన చేతులు దేనికీ పనికిరావని ఏడ్చి బడి మానేసిందట. అమ్మానాన్నా పని వెతుక్కుంటూ పోతుంటే వాళ్ళ వెనకే పోయింది. ఏ ఊరో ఎవరికీ తెలీదు. నేనూ రెహానా మూడు ఊళ్ళు తిరిగాం. ఇప్పుడు తరణి పనిచేస్తున్న తుపాను ఆఫీసు వాళ్ళ చేత కూడా అడిగించాను. దొరకలేదు. అప్పలస్వామి మాస్టారు మాత్రం ఒక మాట చెప్పారు. ఆ పిల్ల ఆపకుండా నవ్వించేదట, ఆయన్ని కూడా.

ఆ ఫారం బళ్ళో ఇంకా ఉంది. గుత్తి దగ్గరా ఖాళీ, పని దగ్గరా ఖాళీ.

నేను వెతకగలిగినంత వెతికాను, ఇప్పుడు మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. అందుకే మిమ్మల్ని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. రేపు మీరు పనులకని తలో ఊరికీ పోతారు. బస్సులో చెప్పండి, పనిచేసేచోట చెప్పండి, అన్నాలప్పుడు చెప్పండి. నా పేరు మర్చిపోయినా ఫర్వాలేదు. గున్నమ్మ పేరు మాత్రం వదలకండి. కథ ఈ చోటికి వచ్చేసరికి వింటున్నవాళ్ళలో ఎవరైనా మాట్లాడకుండా తన చేతుల వైపు చూసుకుంటే, ఆమె దగ్గర కూర్చోండి. నీ చేతులకేం తక్కువ లేదమ్మా, అప్పుడు కొలిచింది వాటిని కాదు అని చెప్పండి. చెప్పి, ఇప్పుడు నీ వంతు అనండి.

చెబుతారు కదూ?